శకుంతల ఎవరి సొత్తు?

మహారాష్ట్రలోని విదర్భలో నడిచిన చిన్న గేజి బండి శకుంతల రైలు ప్రస్తావన వచ్చినప్పుడల్లా సామాజిక మాధ్యమాల్లో ఒక కథ చక్కర్లు కొడుతుంది: ఈ లైను కోసం మనం ఇప్పటికీ బ్రిటన్‌కు కప్పం కడుతున్నామట! రక్తం మరిగించే కథే, కానీ నిజం వేరు.

బొంబాయిలోని బ్రిటిష్ వ్యాపార సంస్థ కిల్లిక్ నిక్సన్ 1910లో సెంట్రల్ ప్రావిన్సెస్ రైల్వే కంపెనీని నెలకొల్పింది. నల్లరేగడిలో పండిన పత్తిని ముర్తిజాపూర్ దగ్గర పెద్ద లైనుకు చేర్చి, బొంబాయి రేవు మీదుగా మాంచెస్టర్ మిల్లులకు పంపాలన్నది ఆలోచన. యవత్మాల్ నుంచి అచల్‌పూర్ దాకా రెండున్నర అడుగుల గేజిపై దాదాపు 190 కిలోమీటర్ల పట్టాలు వేశారు. బండ్లు నడిపింది మాత్రం నాటి పెద్ద రైల్వే కంపెనీ అయిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే.

ఆనాటి శాఖా రైల్వే కంపెనీల కిటుకు ఇక్కడే ఉంది. పట్టాలు కంపెనీవి, నడిపే బాధ్యత పెద్ద రైల్వేది. వాటాదారుల రాబడి తగ్గితే హామీగానో రిబేటుగానో పూడ్చే ఏర్పాటూ ఉండేది. ఈ పద్ధతిని 1921లోనే, భారత రైల్వేలపై వేసిన ఆక్వర్త్ కమిటీ తప్పుపట్టింది. వలస ప్రభుత్వమే 1925లో దీనికి స్వస్తి చెప్పింది.

స్వతంత్ర భారతం మాత్రం 1951లో రైల్వేలను జాతీయం చేస్తూ శకుంతలను కంపెనీ చేతిలోనే వదిలేసింది. కిల్లిక్ నిక్సన్ కాలక్రమంలో భారతీయుల చేతికి వచ్చింది కనుక దీన్ని లండన్‌కు కట్టే కప్పం అనడం చెల్లదు. తప్పుపట్టాల్సింది దొరలను కాదు, పదేళ్లకోసారి ఒప్పందాన్ని పొడిగిస్తూ పోయిన ఢిల్లీని. యాజమాన్యం ఒకరిది, నిర్వహణ మరొకరిది అయినచోట కొత్త పెట్టుబడి ఎవరు పెడతారు? 1921లో మాంచెస్టర్‌లో తయారైన ఆవిరి ఇంజిను 1994 ఏప్రిల్ 15 దాకా ఈ బండిని లాగింది. సిబ్బంది లేని స్టేషన్లలో గార్డే దిగి టికెట్లు అమ్మేవాడు. దీన్ని వారసత్వ వైభవమని మురిసిపోయేవారికి అందులో ప్రయాణించే అవసరం ఉండేది కాదు. బస్సు చార్జీ భరించలేని పల్లెవాసులకే ఆ అవసరం ఉండేది.

సుమారు 1,500 కోట్ల రూపాయలతో బ్రాడ్‌గేజి వేస్తామని 2016లో నాటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు ప్రకటించారు. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది రైల్వే శాఖే. ప్రైవేటు భాగస్వామ్యంతో కొత్త లైన్లంటున్న ఆ శాఖ, నష్టం వస్తే భరించేదెవరో, గడువు తీరాక పట్టాలెవరివో సంతకాలకు ముందే పార్లమెంటుకు చెప్పాలి.