మా అమ్మమ్మ మంత్రసాని. ఆ మాట కార్డు మీద ఎందుకు ఉండకూడదు?

కిందటి నెల చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ పెద్దకర్మ జరిగింది. కార్డులో ఆమె పేరు కింద ‘మంత్రసాని’ అని వేయిద్దామన్నాను. పెద్దవాళ్లంతా ఒక్కసారి నా మీదికి లేచారు. “ఓలమ్మా, ఆ మాటెందుకే? నలుగురూ చూస్తే ఏటనుకుంటారు?” అన్నారు. చివరికి ఏమీ వేయలేదు. నాకు కోపం ఇంకా తగ్గలేదు.

వాళ్లకు ఇబ్బంది మంత్రంతో కాదు, చివరనున్న ‘సాని’తో. అది ‘స్వామిని’ నుంచి వచ్చిన మాట. యజమానురాలు అని అర్థం. ద్రాక్షారామం శాసనాల్లో ‘సాని మున్నూరు’ అని ఉంటుంది, గుడి కొలువులోని మూడు వందల మంది సానులు. మన శ్రీకూర్మం, సింహాచలం గుళ్లలోనూ సానులు ఉండేవారు. ఆడేవారు, పాడేవారు, గుడికి దానాలు కూడా ఇచ్చేవారు. 1890లలో మద్రాసు వైపు ఈ ఆటపాటలు మాన్పించాలని యాంటీ నాచ్ ఉద్యమం లేచింది, 1947లో ఆడపిల్లల్ని గుడికి అంకితమివ్వడాన్ని చట్టం నిషేధించింది. అంకితాలు ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వాళ్ల పాట, ఆట పెద్దింటి వేదికల మీదికి వెళ్లాయి. వాళ్ల పేరు మాత్రం వీధిలో తిట్టుగా మిగిలింది.

మరి ‘దొరసాని’ ఎందుకు తిట్టు కాలేదు? అందులోనూ ఉన్నది అదే సాని కదా. ముందు దొర ఉన్నాడు కాబట్టి. ఏ మగాడి పేరూ ముందు లేకుండా, సొంత విద్యతో నిలబడిన ఆడదాని బిరుదే బూతైపోయింది.

మా అమ్మమ్మది ఈ రెంటికీ మధ్య బతుకు. అర్ధరాత్రి నొప్పులొస్తే “బేగి రా మంత్రసానమ్మా” అని గుమ్మంలో నిలబడేవారు. బొడ్డు కోసి, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసి, పురిటి గుడ్డలు ఉతికి వచ్చేది. కుంచెడు ధాన్యం, ఒక కోక ఇచ్చేవారు. మర్నాడు అదే ఇంట్లో ఆమె అరుగు దాటి లోపలికి వెళ్లకూడదు! మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని సామెత చెప్పుకుంటాం. పట్టిన చేతులు ఎవరివో ఎవరికీ అక్కర్లేదు.

ఆసుపత్రి కాన్పులు రావడం మంచిదే. అమ్మమ్మ కూడా చివరి రోజుల్లో “నొప్పులు ఆలస్యమైతే పెద్దాసుపత్రికే తీసుకుపోండి” అనేది. ఇప్పుడు గర్భిణిని వెంటబెట్టుకుని వెళ్లేది ఆశా. 2005లో వచ్చిన ఈ పేరు ‘అక్రెడిటెడ్ సోషల్ హెల్త్ యాక్టివిస్టు’కి పొట్టి రూపం. చివరి మాట యాక్టివిస్టు, తెలుగులో కార్యకర్త. ఉద్యోగి అని రాయలేదు. అందుకే వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. పేరులో ఒక్క మాట మార్చి ఆడవాళ్ల కష్టాన్ని సేవ ఖాతాలో వేసేయడం మనకు ఇంత తేలికా? మా పిన్ని కూతురు ఆశాగా చేస్తోంది. పెళ్లిచూపుల్లో ఆమె పని పేరు చెప్పొద్దన్నారు, మా ఇంటివాళ్లే.

సంవత్సరీకం కార్డు నేనే రాస్తాను. అమ్మమ్మ పేరు, దాని కింద మంత్రసాని. అచ్చు ఖర్చు నాది.