పక్కవారి సందేహం ఎక్కడ ఆగిపోతోంది?

సమష్టి కృషి అనగానే పని పంచుకోవడమే గుర్తొస్తుంది. తలా ఒక చెయ్యి వేస్తే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ పరిశోధనలోనైనా వృత్తిలోనైనా సహోద్యోగి వల్ల కలిగే అసలు మేలు వేరే ఉంది. మన కంటికి ఆనని తప్పు వాళ్ల కంట పడుతుంది. అలా పడింది నిర్ణయం తీసుకునే మనిషి దాకా చేరితేనే దాన్ని బృందం అనాలి. చేరకపోతే వాళ్లు ఒకే గదిలో కూర్చున్న కొందరు మనుషులు, అంతే.

మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సంగతే చూడండి. 1999 సెప్టెంబర్ 23న అంగారకుణ్ణి చేరిన నాసా వ్యోమనౌక అది. గ్రహం ఉపరితలానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సింది దాదాపు 57 కిలోమీటర్లకు దిగిపోయి నాశనమైంది. థ్రస్టర్లు, అంటే నౌకను అటూ ఇటూ కదిపే చిన్న ఇంజన్లు, పనిచేసినప్పుడు పుట్టే తోపును ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చింది, రెండో బృందం దాన్ని న్యూటన్-సెకన్లు అనుకుంది. తేడా 4.45 రెట్లు. చాలామంది ఈ కథను ఇక్కడే ఆపి, కొలమానాలు సరిచూసుకోవాలని చెప్పి ఊరుకుంటారు. నన్నడిగితే అసలు పాఠం ఆ తర్వాత ఉంది. లెక్క కుదరడం లేదని నావిగేషన్ బృందంలో కొందరికి ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఈమెయిళ్లలో, మాటల్లో తిరిగింది. లోపాలను నమోదు చేసే పద్ధతి ఉండీ అందులోకి ఎక్కలేదు. ఈమెయిల్‌కు గడువు ఉండదు, ఎవరు జవాబు చెప్పాలన్న కట్టడీ ఉండదు. నమోదైన లోపానికి ఒక నంబరు, బాధ్యుడి పేరు ఉంటాయి. పరిష్కారమయ్యేదాకా అది జాబితాలో కనబడుతూనే ఉంటుంది. మార్గాన్ని సరిదిద్దే మరో విన్యాసం గురించి చివర్లో చర్చించారు కూడా. చేయలేదు.

దారి ఉన్నా హోదా అడ్డుపడుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటి కేఎల్‌ఎం అనే డచ్ విమాన సంస్థది. అది రన్‌వే మీద పరుగు మొదలుపెట్టాక, అవతలి విమానం ఇంకా తప్పుకోలేదా అని అందులోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి ఆయన. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాలు చూశాకే 1979లో నాసా జరిపిన వర్క్‌షాప్ నుంచి, కాక్‌పిట్‌లో కిందివారు పైవారికి అభ్యంతరం ఎలా చెప్పాలన్నది శిక్షణలో భాగమైంది. ఇప్పుడు వైద్య బృందాలకు కూడా నేర్పే సూత్రం ఒకటుంది: ఆందోళనను కనీసం రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి పట్టించుకోకపోతే రెండోసారి కనిపిస్తున్నదేమిటో, భయం దేని గురించో, ఏం చేయమంటున్నారో విడమర్చి చెప్పాలి. అప్పటికీ కదలిక లేకపోతే పని ఆపించాలి, లేదా ఆ పైవారికి చెప్పాలి. ప్రశ్న రూపంలో వేసిన సందేహం తేలిగ్గా కొట్టుకుపోతుంది. ‘ఆపండి, ఆ విమానం ఇంకా కనబడలేదు’ అన్న మాటను దాటవేయడం కష్టం.

ఇక సరిచూడటం. రెండో మనిషి చూశారు కదా అన్న భరోసా చాలాచోట్ల ఉత్తదే. చిన్న బిడ్డకు మందు లెక్క వేస్తున్నారనుకోండి. కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు, బిడ్డ బరువు 18 కిలోలు, ద్రావణంలో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములు. ఇవ్వాల్సింది 1.8 మిల్లీలీటర్లు. మొదటి వ్యక్తి చుక్క మరిచి 18 అని రాసి ‘సరిగ్గానే ఉందా?’ అని చూపిస్తే, రెండో వ్యక్తి తల ఊపేసే ప్రమాదం చాలా ఎక్కువ. 18 అన్న అంకె బరువు రూపంలో కళ్లముందే ఉంది కాబట్టి కొత్తగా అనిపించదు. అందుకే జవాబు చూపించకూడదు. మందుచీటీ మాత్రమే ఇచ్చి, వేరుగా లెక్క వేయమని చెప్పి, తర్వాత రెండూ పోల్చాలి. నోటిమాటగా చెప్పేటప్పుడూ అంతే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి ఒకేలా వినిపిస్తాయి. అందుకని విన్నవారు ‘వన్ ఫైవ్’ అని అంకెలు విడదీసి తిరిగి చెప్పాలి, చెప్పినవారు అవునని ఖాయం చేయాలి.

పద్ధతి కాగితం మీద ఉన్నంత మాత్రాన పని జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స జాబితాలో, కోత పెట్టే ముందు అందరూ పేరు, బాధ్యత చెప్పి పరిచయం చేసుకోవాలన్నది ఒక అంశం. ఒకసారి గొంతు విప్పినవారు అవసరమైనప్పుడు మళ్లీ మాట్లాడతారన్నది దీని వెనకున్న ఆలోచన. 8 నగరాల ఆసుపత్రుల్లో ఈ జాబితా వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో అధ్యయనం వచ్చింది. అదే జాబితాను కెనడాలోని ఒంటారియోలో తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రులను పరిశీలిస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కారణాలపై వాదాలున్నాయి. గడుల్లో టిక్కు పెట్టడం, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఒకటి కాదన్నదే నాకు సబబుగా తోస్తుంది.

మనుషులను పెంచితే పని బాగుపడుతుందనీ చెప్పలేం. ఐదుగురి మధ్య 10 జతల సంభాషణలు ఉంటాయి, పన్నెండు మందిలో 66. ఏదో ఒక జత మధ్య సమాచారం తెగిపోవడానికి అంతకంతా అవకాశం. మరి 2015లో హిగ్స్ బోసాన్ అనే మూలకణం ద్రవ్యరాశిపై 5,154 మంది పేర్లతో పత్రం ఎలా వచ్చింది? అట్లాస్, సీఎంఎస్ అనే రెండు బృందాలు అదే కణాన్ని వేర్వేరు పరికరాలతో విడివిడిగా కొలిచి, ఆ తర్వాతే ఫలితాలు కలిపాయి. వేరుగా లెక్క వేయించడమన్న మందుచీటీ సూత్రమే అక్కడా పనిచేసింది.

ఈ విషయంలో నేను ఎక్కువ గౌరవించేది, అంతరిక్షం నుంచి వచ్చే గురుత్వ తరంగాలను వెతికే లైగో బృందాన్ని. 2010 సెప్టెంబర్ 16న వాళ్ల పరికరాల్లో గురుత్వ తరంగం లాంటి సంకేతం కనబడింది. నెలల తరబడి విశ్లేషించి, పత్రం కూడా రాసి సిద్ధం చేశారు. 2011 మార్చిలో అసలు సంగతి దాచి ఉంచిన కవరును అందరి ముందు తెరిస్తే, అది కొద్దిమంది రహస్యంగా చొప్పించిన నకిలీ సంకేతమని తేలింది. అలా చొప్పించవచ్చని అందరికీ ముందే తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. తమ సందేహాలు పని చేస్తున్నాయో లేదో పరీక్షించుకోవడానికి వాళ్లంతట వాళ్లు ఒప్పుకున్న ఏర్పాటది. 2015 సెప్టెంబర్ 14న నిజమైన సంకేతం వచ్చినప్పుడు, ఇది కూడా ఎవరైనా చొప్పించిందేనా అని ముందుగా ఆరా తీశారు. కాదని రూఢి చేసుకున్నాకే మిగతా పని సాగింది.