పిల్లల చేతిలో కార్డు, పెద్దల నోట పెట్టుబడి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు పిల్లల స్కూలు బ్యాగుల్లో పోకెమాన్ కార్డులు, అంటే కార్టూన్ జీవులు ఒకదాన్నొకటి కొట్టుకునే ఆట కార్డులు, కనబడటం మామూలైపోయింది. ఈమధ్య తండ్రులూ కొంటున్నారు, పెట్టుబడి అని. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ బొమ్మ ఉన్న కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైందని చెప్పి, సీలు తీయని పోకెమాన్ కార్డుల బాక్సులు బీరువాలో దాస్తున్నారు. ఈ లెక్క నాకు మింగుడుపడటం లేదు.

మాంటిల్ కార్డును టాప్స్ కంపెనీ 1952లో వేసింది. పిల్లలు వాటితో ఆడుకున్నారు, నలిపారు, పారేశారు. అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో సముద్రంలో పడేయించానని ఆ సెట్టు తయారు చేసిన సై బెర్గర్ తానే చెప్పారు. ఎవరూ దాచలేదు కాబట్టే మిగిలిన కొన్నింటికి అంత గిరాకీ. 1980ల చివర్లో అమెరికాలో కథ తిరగబడింది. రేపు ధర పెరుగుతుందని అందరూ దాచారు, కంపెనీలు లెక్కలేనన్ని అచ్చేశాయి. ఆ కార్డుల్లో చాలావాటిని ఇప్పుడు అడిగే నాథుడు లేడు. మన బీరువాల్లోని బాక్సులు ఈ రెండో రకానికే దగ్గర.

ధర చూడాలంటే ఆన్‌లైన్‌లో అడిగే రేటు కాదు, నిజంగా అమ్ముడైన రేటు చూడాలి. అంచులు, మూలలు, బొమ్మ మధ్యలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి పీఎస్‌ఏ లాంటి కార్డులు పరీక్షించే సంస్థలు 10 వరకు గ్రేడు ఇస్తాయి. అదే కార్డు 10కీ 7కీ మధ్య రేటు ఎంతో పడిపోతుంది. ఫుట్‌పాత్ మీద దొరికే బంగారు రంగు కార్డులైతే నకిలీవే.

ఉపయోగం మాత్రం వేరే సంగతి. పోకెమాన్‌లో ప్రొఫెసర్స్ రీసెర్చ్ అని ఒక మామూలు కార్డు ఉంది. ఖరీదు తక్కువ, ఆటలో మాత్రం చాలా బలమైనది. చేతిలో ఉన్నవన్నీ వదిలేసి కొత్తగా 7 తీసుకోవాలి. ఏది వదులుకోవచ్చు, ఇప్పుడా తర్వాతా అని ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుని ఆలోచిస్తుంది. కార్డు మీది ఇంగ్లీషు తనే చదువుకుంటుంది, దెబ్బల లెక్క తనే కడుతుంది. ఓడిపోతే కార్డులు మార్చుకుని మళ్లీ వస్తుంది. ఇంత పని చేయించే కార్డును ప్లాస్టిక్ డబ్బాలో బిగించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

బాక్సు కొనే డబ్బుతో ఆడటానికి సిద్ధంగా ఉన్న 60 కార్డుల డెక్కులు (కట్టలు) రెండు కొని, ఒకటి మీరు పట్టుకోండి. అరుదైనది దొరికితే స్లీవ్‌లో, అంటే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో, పెట్టండి. అమ్మాలనిపిస్తే ముందు పిల్లల్ని అడగండి, కార్డు వాళ్లది.