‘పన్నెండేళ్ళ పెత్తనం’ అనే ప్రచారానికి జవాబు

ఒడిశాలోని రాయగడ పట్టణంలో ఉన్న తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. రాబోయే పురపాలక ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నిలబడదలచిన మా వార్డు కౌన్సిలరమ్మ మీద రాసినది అది. 2013 నుంచి పన్నెండేళ్ళకు పైగా పెత్తనం చేసి కుళాయి నీళ్ళయినా సరిగ్గా రప్పించలేదనీ, మహిళా రిజర్వేషన్ లేకపోతే గెలిచేదే కాదనీ, అధ్యక్షులను ఇప్పుడు ప్రజలే ఎన్నుకుంటారు గనుక కౌన్సిల్ అనుభవం ఎందుకూ కొరగాదనీ, ఆమె తెలుగువాళ్ళ మనిషే తప్ప ఊరందరి మనిషి కాదనీ అందులో ఉంది. నేను ఆమెకు రెండుసార్లు ఓటు వేశాను, మూడోసారీ వేస్తాను. ఈ జవాబును చదివేవారు ఆ సంగతి తెలిసే చదవాలి.

మొదట ఆ పన్నెండేళ్ళ లెక్క చూద్దాం. 2013లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2018తో ముగిసింది. గడువు తీరకముందే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతున్నా, ఒడిశా పట్టణాలలో పోలింగు జరిగింది 2022 మార్చి 24న. నడుమ మూడేళ్ళకు పైగా పురపాలక సంఘాలను అధికారులే నడిపారు; కౌన్సిలర్లన్న వారే లేరు. లాక్‌డౌన్ వచ్చి పడినది సరిగ్గా ఆ కాలంలోనే. పట్టణాల్లోని కూలీలకు పని కల్పించే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు, ఏ హోదా లేకపోయినా మా వీధి వాళ్ళ ఆధార్, బ్యాంకు పాసుపుస్తకాల జెరాక్సులు సంచిలో వేసుకుని ఆఫీసు మెట్లెక్కినది ఆమే. పదవిలో లేని రోజులను కూడా పెత్తనం కింద జమకట్టడం ఏ లెక్కల పుస్తకంలోని పద్ధతో నాకు అర్థం కాలేదు.

నీళ్ళ విషయానికి వస్తే, కోపం న్యాయమైనదే గాని అది చేరవలసిన చిరునామా వేరు. మన పట్టణాల్లో పైపులైన్లు, పంపులు, ట్యాంకుల ఇంజినీరింగు పని చూసేది రాష్ట్ర ప్రజారోగ్య ఇంజినీరింగు విభాగం. కరెంటు పంపిణీ 2021 జనవరి నుంచి టాటా పవర్ చేతిలో ఉంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే తిట్లు మాత్రం కౌన్సిలరు ఇంటి ముందు వినబడతాయి. కౌన్సిలరు చేయగలిగినది ఆ రెండు ఆఫీసుల చుట్టూ తిరగడం, తీర్మానం పెట్టించడం, ట్యాంకరు రప్పించడం. ఈ మూడూ ఆమె చేసింది. అయితే మురుగు కాలువల మాట అలా కాదు, అవి పూర్తిగా పురపాలక సంఘం బాధ్యతే. మా వెనక వీధి కాలువ రెండు వర్షాకాలాలు పూడికతోనే ఉండిపోయింది. అక్కడ ఆమె తప్పు ఉంది, ఆ మాట ఆమె ముఖం మీదే అన్నాను. సందేశం రాసినవారు ఆ కాలువ గురించి రాసి ఉంటే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాను.

రిజర్వేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒడిశా పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. ఆమె మొదటిసారి మహిళా స్థానం నుంచే గెలిచింది, రెండోసారి జనరల్ వార్డులో ఇద్దరు మగవాళ్ళ మీద గెలిచింది. పోనీ రెండుసార్లూ రిజర్వుడు సీటే అనుకున్నా, ఓట్లు వేసినది మనమే కదా.

అనుభవం అక్కరలేదన్న మూడో మాట పైకి తర్కంలా కనిపిస్తుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. పూర్వం కౌన్సిలర్లు తమలో ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకునేవారు. 2022 నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకుంటున్నారు. దీనివల్ల అధ్యక్షులు ఒక పార్టీ, కౌన్సిలర్లలో ఎక్కువ మంది మరో పార్టీ అయ్యే వీలు ఏర్పడింది. మెజారిటీ ఉన్నవారే అధ్యక్షులైన రోజుల్లో బడ్జెట్టు దానంతటదే గట్టెక్కేది. ఇప్పుడు ప్రజల ఓట్లతో గెలిచివచ్చినవారు కూడా దాన్ని కౌన్సిలు చేత ఒప్పించుకోవాలి. ఎవరి వార్డులో ఏ పని ఎన్నేళ్ళుగా ఆగి ఉందో, కార్యనిర్వహణాధికారి బల్ల మీద ఏ ఫైలు ఎందుకు కదలడం లేదో తెలిసిన మనిషికే అది సాధ్యం. కొత్త పద్ధతి అనుభవం అవసరాన్ని తగ్గించలేదు, పెంచింది.

ఇక తెలుగువాళ్ళ మనిషి అన్న నింద. ఆమె ఇంట్లో తెలుగు, కౌన్సిల్లో ఒడియా మాట్లాడుతుంది. సంతలో రెండూ కలిపి మాట్లాడుతుంది, మనందరిలాగే. మురికివాడల నివాసులకు భూమి హక్కులిచ్చే చట్టం 2017లో వచ్చింది. దాని కింద ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది, పిల్లలకు సంక్రమిస్తుంది, అప్పుకు తనఖా పెట్టవచ్చు, అమ్మడానికి మాత్రం వీలులేదు. ఈ షరతులన్నీ ఒడియా కాగితాల్లో ఉండగా, ఒడియా చదవడం రాని మన పెద్దవాళ్ళకు ఆమె తెలుగులో చెప్పింది, నిజమే. అదే వరుసలోని ఒడియా ఇళ్ళకూ, ఆదివాసీ ఇళ్ళకూ వెళ్ళి దరఖాస్తులు నింపించింది; ఆ ముక్కను సందేశం రాసినవారు వదిలేశారు.

నేను సమాచార హక్కు చట్టం కింద ఫారం ‘ఏ’ నింపి, 10 రూపాయల రుసుము కట్టి 2022 తరవాతి కౌన్సిలు సమావేశాల తీర్మానాల నకళ్ళు తెచ్చుకున్నాను. ఏ పనిని ఆమె ప్రతిపాదించిందో, ఏ బిల్లుకు అభ్యంతరం చెప్పిందో, ఏ సమావేశానికి రాలేదో కూడా వాటిలో ఉంది. ఆ సందేశం రాసినవారు తమ పేరు పెట్టుకోలేదు; కావాలంటే వారికి కూడా ఒక జెరాక్సు ఇస్తాను.