నాలుగు సెకన్ల ఆటకు 90 మైళ్ల కొలత

గత జూన్‌లో ఒక శనివారం, డల్లాస్ శివార్లలో ఒక బేస్‌బాల్ మైదానం. ఉదయం పది కాకముందే ఎండ మాడ్చేస్తోంది. హైస్కూల్ పిల్లలకు షోకేస్ జరుగుతోంది. కాలేజీ కోచ్‌లు, ప్రొఫెషనల్ జట్ల స్కౌట్‌లు ఒకేచోట చూసుకోవడానికి వీలుగా పిల్లలందరినీ పోగుచేసి పెట్టే పరీక్ష అది. వందల డాలర్లు ఫీజు కట్టి వెళ్లాలి. మా మేనల్లుడికి పదహారేళ్లు, షార్ట్‌స్టాప్ ఆడతాడు, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. వాడి వంతు వచ్చింది. కోచ్ కొట్టిన బంతి నేల మీద గెంతుకుంటూ వస్తే వీడు ముందుకు ఉరికి అందుకుని, మూడడుగులు పరుగు తీసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. అక్కడ నిలబడ్డ కుర్రాడు బేస్ వదిలేసి పక్కకి దూకితే గానీ అది అందలేదు. నిజం ఆటలో అయితే రన్నర్ సేఫ్. కానీ వెనకాల ఉన్న మనిషి చేతిలో రాడార్ గన్ 84 చూపించింది. గంటకు 84 మైళ్లు, మన లెక్కలో 135 కిలోమీటర్లు.

"84 వచ్చింది మామయ్యా!" అంటూ బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నేనూ భుజం తట్టాను.

వాడి తర్వాత వచ్చిన పిల్లాడు బక్కపలచగా ఉన్నాడు, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. బంతి ఎటు వస్తుందో ముందే తెలిసినట్టు కాళ్లు కదిలాయి. బంతి గ్లవ్‌లో పడటం, కుడిచేతిలోకి రావడం రెండు పనుల్లా కనిపించలేదు. ఆరు బంతులు వేస్తే ఆరూ ఫస్ట్ బేస్‌మన్ ఛాతీ మీదికే వెళ్లాయి. అతను పాదం కదపాల్సిన అవసరమే రాలేదు. గన్ మీద ఆ పిల్లాడికి పడింది 76. సాయంత్రానికి వెబ్‌సైట్‌లో ఆ అబ్బాయి పేరు పక్కన ఆ 76, 60 గజాల పరుగు టైము కనిపించాయి. ఆరుకి ఆరు అన్న సంగతి ఎక్కడా లేదు.

బంతి కొట్టిన బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరేలోపే బంతి అక్కడి ఫీల్డర్ చేతికి చేరితే బ్యాటర్ ఔట్. క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌ల దగ్గర నిలబడే ఇన్‌ఫీల్డర్ పని ఒక్క మాటలో చెప్పొచ్చు. పాయింట్‌లో నిలబడ్డ ఫీల్డర్ తన దగ్గరికొచ్చిన ప్రతి బంతికీ రనౌట్ చేసి తీరాలి అనుకోండి. చేయలేకపోతే తప్పు అతనిదే. మొదటి, రెండో, మూడో బేస్‌ల దగ్గర ఒక్కొక్కరు, రెండో మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్, ఈ నలుగురి బతుకూ ఇదే. అందులో షార్ట్‌స్టాప్‌ది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అతను దూరం నుంచి విసరాలి, పరిగెత్తాల్సిన నేలా ఎక్కువ.

ఇక లెక్క చూద్దాం. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో కుడిచేతి బ్యాటర్ బంతి కొట్టి ఫస్ట్ బేస్ చేరడానికి సగటున 4.3 సెకన్లు పడుతుందని స్కౌట్‌ల కొలమానం. ఎడమచేతి వాళ్లు బేస్‌కి ఒకటి రెండు అంగలు దగ్గర నిలబడతారు కాబట్టి వాళ్లకు 4.2. హైస్కూల్లో చాలామందికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఇన్‌ఫీల్డర్ చేతిలో ఉన్నది ఆ నాలుగు సెకన్ల చిల్లరే. బంతి బ్యాట్ మీంచి అతని దాకా రావడానికి సుమారు ఒకటిన్నర సెకన్లు, అంతకంటే ఎక్కువ కూడా పడతాయి. మిగిలినదాంట్లోనే అందుకోవాలి, కాళ్లు సర్దుకోవాలి, విసరాలి.

షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్ దాకా 120 అడుగులు అనుకుందాం. 90 మైళ్ల వేగం అంటే సెకనుకు 132 అడుగులు. గాలి వల్ల తగ్గే వేగం పక్కన పెడితే ఆ బంతి 0.91 సెకన్లలో చేరుతుంది. 80 మైళ్ల త్రో 1.02 సెకన్లలో చేరుతుంది. తేడా సెకనులో తొమ్మిదో వంతు. ఆ సమయంలో రన్నర్ రెండున్నర అడుగులు దూరం పోతాడు, అదీ చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ మా వాడు ఆ 84 కోసం తీసిన పరుగు ఉంది చూడండి, దానికి అంతకు రెట్టింపు పైనే ఖర్చయింది. చేతితో సంపాదించింది కాళ్లతో పోగొట్టుకున్నాడు. పైగా త్రో పక్కకి పోయింది. ఇవేవీ రాడార్ గన్‌కి తెలియవు, ఎందుకంటే అది బంతి చెయ్యి దాటాకే కొలవడం మొదలుపెడుతుంది. ఇన్‌ఫీల్డర్ పనిలో ముప్పాతిక వంతు అప్పటికే అయిపోయి ఉంటుంది.

అందుకే నా వాదన ఇది. షోకేస్‌లో ఇన్‌ఫీల్డర్ పేరు పక్కన మొట్టమొదట పడాల్సిన అంకె, బంతి బ్యాట్‌కి తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్‌మన్ గ్లవ్‌లో పడే క్షణం దాకా పట్టిన సమయం. త్రో వేగం దాని తర్వాత.

రెండో అంకె, 60 గజాల పరుగు, ఇంకా విచిత్రం. 60 గజాలంటే 180 అడుగులు, ఫస్ట్ బేస్ నుంచి థర్డ్ బేస్ దాకా ఉన్నంత దూరం. బేస్‌ల మీద పరిగెత్తేటప్పుడు అది పనికొస్తుంది. కానీ ఏ షార్ట్‌స్టాపూ గ్రౌండ్ బాల్ కోసం 180 అడుగులు పరిగెత్తడు. అతనికి కావాల్సింది మొదటి రెండు మూడు అంగలు, అవి కూడా బంతి బ్యాట్‌కి తగిలీ తగలగానే. మన దగ్గర ఇలాంటిది చూశాం. 2018 ఐపీఎల్‌లో 602 పరుగులు చేసిన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు యో-యో టెస్టులో 16.1 దాటలేదని ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లే వన్డే జట్టులోంచి తీసేశారు. ఫిట్‌నెస్ అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే ఒక్క అంకెను గుమ్మం దగ్గర కాపలా పెడితే లోపల ఉన్నదేదీ చూడకుండానే తలుపు మూసుకుపోతుంది.

స్కౌట్‌లకు ఇదంతా తెలియదా? బాగా తెలుసు. పాతకాలంలో జట్లు నడిపిన బ్రాంచ్ రికీ నాటి నుంచి వస్తున్నదని చెప్పే 20 నుంచి 80 దాకా ఉన్న స్కేలు మీద వాళ్లు మార్కులు వేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. 80 చాలా అరుదు. ప్రతి నైపుణ్యానికీ రెండు మార్కులుంటాయి, ఈరోజు ఎంత, ముందు ముందు ఎంత అవుతాడు అని. అనుభవం ఉన్న స్కౌట్ ఫీల్డింగ్ మార్కు వేసేటప్పుడు గన్ వంక చూడడు. బంతి చివరి గెంతు దగ్గర చేతులు మెత్తగా వెనక్కి వస్తున్నాయా, బిగుసుకుపోతున్నాయా చూస్తాడు. గ్లవ్ చెయ్యి ఒంటికి అడ్డంగా చాచి అందుకునే బ్యాక్‌హ్యాండ్ వైపు వెళ్లినప్పుడు కుడికాలు ఎక్కడ దిగుతోందో చూస్తాడు. రన్నర్ ఎంత వేగంగా వస్తున్నాడో తల తిప్పకుండానే తెలిసిపోయే గుణాన్ని వాళ్లు గడియారం అంటారు. తలలో గడియారం ఉన్న పిల్లాడు తొందరపడాల్సిన చోటే తొందరపడతాడు.

చిక్కు ఎక్కడొస్తోందంటే, ఆ కళ్లు పడేలోపే వడపోత అయిపోతోంది. అమెరికాలో ఏటా నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలు హైస్కూల్ బేస్‌బాల్ ఆడతారు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో ఒకప్పుడు 40 రౌండ్లుండేవి, 2021 నుంచి 20 రౌండ్లే. తలుపు సన్నబడినకొద్దీ కాలేజీ కోచ్ అయినా ఎవరైనా ముందు అంకెల పట్టిక తీసి, గన్ మీద 80 మైళ్లకు కింద ఉన్నవాళ్లను పక్కన పెడతాడు. అతన్ని తప్పు పట్టలేం, అతనికి ఇచ్చిన కాగితంలో ఉన్నది అదే.

"అయితే ఎర్రర్‌లు లెక్కపెట్టండి, ఫీల్డింగ్ శాతం చూడండి" అంటారు కొందరు. చేయగలిగిన ఔట్‌ని ఫీల్డర్ చెడగొడితే రాసేది ఎర్రర్; తప్పు లేకుండా పూర్తిచేసినవి ఎన్నో చెప్పేది ఫీల్డింగ్ శాతం. అది ఇంకా మోసం. హైస్కూల్ సీజన్ సుమారు 30 ఆటలు, ఆటకు ఏడు ఇన్నింగ్స్. షార్ట్‌స్టాప్ దగ్గరికి ఆటకు మూడో నాలుగో బంతులొస్తాయి. ఏడాదంతా కలిపితే వంద. అందులో 95 శాతం ఉన్న పిల్లాడికీ 92 శాతం ఉన్న పిల్లాడికీ మధ్య తేడా మూడు బంతులు. ఆ మూడూ ఎర్రర్‌లా కాదా అని రాసేది చాలా చోట్ల ఎవరో ఒక పిల్లాడి తండ్రో, స్కూల్ విద్యార్థో. నేల కూడా ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల కృత్రిమ గడ్డి, కొన్నిచోట్ల గులకరాళ్లు తేలిన మట్టి.

డెరెక్ జీటర్ సంగతే తీసుకోండి. మిషిగన్‌లో కలమజూ సెంట్రల్ హైస్కూల్ షార్ట్‌స్టాప్. 1992లో న్యూయార్క్ యాంకీస్ ఆరో స్థానంలో ఎంచుకుంది. మరుసటి ఏడాది గ్రీన్స్‌బరోలో, కింది స్థాయి లీగ్‌లో, ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్‌లు చేశాడు. ఆ అంకెను మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ రోజే వేరే స్థానానికి మార్చేసేవాళ్లు. ఆ చలికాలం ముందు కోచ్ బ్రయన్ బటర్‌ఫీల్డ్ కూర్చోబెట్టి గ్లవ్ పట్టే తీరు నుంచీ మళ్లీ నేర్పించాడు. తర్వాత అతను మేజర్ లీగ్‌లో పేరుమోసిన షార్ట్‌స్టాప్ అయ్యాడు. కానీ ఇందులో ఇంకో మలుపుంది. పెద్దయ్యాక జీటర్‌కి ఐదు గోల్డ్ గ్లవ్‌లు, అంటే ఉత్తమ ఫీల్డర్ అవార్డులు, వచ్చాయి, ఎర్రర్‌లు తక్కువ కాబట్టి. అదే కాలంలో, ఎంత నేల కవర్ చేస్తున్నాడని కొలిచే కొత్త లెక్కలు అతన్ని సగటుకంటే బాగా కింద చూపించాయి. అందుకోలేని బంతికి ఎర్రర్ రాయరు మరి. క్యాచ్ దాకా చేరని ఫీల్డర్‌కి క్యాచ్ వదిలేశాడన్న పేరు రానట్టే. ఎర్రర్‌ల పట్టీ మొదట అతనికి అన్యాయం చేసింది, తర్వాత అతనికి మేలు చేసింది. రెండుసార్లూ ఆటను సరిగా చూపించలేదు.

త్రో వేగం మాటకొస్తే ఒనీల్ క్రూజ్ కంటే పెద్ద ఉదాహరణ దొరకదు. పిట్స్‌బర్గ్ షార్ట్‌స్టాప్‌గా 2022 జూలైలో 97.8 మైళ్ల వేగంతో, అంటే 157 కిలోమీటర్లతో, ఫస్ట్ బేస్‌కి విసిరాడు. మన ఫాస్ట్ బౌలర్లు కలలుగనే వేగం అది. 2024 ఆగస్టులో అదే జట్టు అతన్ని షార్ట్‌స్టాప్ నుంచి తీసి బేస్‌లకు దూరంగా, అవుట్‌ఫీల్డ్ మధ్యలో ఉండే సెంటర్ ఫీల్డ్‌కి పంపింది. ఆ చెయ్యి అలాగే ఉంది, ఇన్‌ఫీల్డ్‌లో మాత్రం స్థానం లేదు. ఇంకోవైపు ఓజీ స్మిత్. లాస్ ఏంజెలెస్‌లో లాక్ హైస్కూల్లో ఎడీ మర్రేతో కలిసి ఆడాడు. మర్రేని 1973లో హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్ చేశారు. స్మిత్‌ని ఎవరూ పిలవలేదు, కాలేజీకి వెళ్లాడు. చేతి బలం మామూలే. బంతి వదిలే వేగంతో ఆ లోటు పూడ్చుకుని షార్ట్‌స్టాప్‌గా వరసగా 13 గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు.

అవతలి పక్షం వాదనలో బలం లేదని అనను. చేతి బలం పుట్టుకతో వచ్చేది, నేర్పలేం. కాళ్లూ చేతులూ కదిపే తీరు నేర్పొచ్చు. కాబట్టి పదహారేళ్లప్పుడు బలాన్నే ఎంచుకోవాలి, మిగతాది మేం నేర్పుకుంటాం అంటారు స్కౌట్‌లు. జీటర్ కథ వాళ్లకూ పనికొస్తుంది. థర్డ్ బేస్‌కి అయితే చెయ్యి లేకుండా కుదరదు కూడా. కానీ నేర్పడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఎంతమందికి అబ్బుతుందో ఎవరూ చెప్పరు. పైగా ఆ బక్కపలచని పిల్లాడికి ఉన్న చూపు, బంతి గెంతుని ముందే పసిగట్టడం, అది కూడా నేర్పితే వచ్చేదేనా? నాకు నమ్మకం లేదు.

దీన్ని కొలవాలనుకున్నవాళ్లు లేకపోలేదు. 2011లో నాష్‌విల్‌లోని ఓవర్టన్ హైస్కూల్లో పొట్టిగా ఉన్న ఒక ఇన్‌ఫీల్డర్‌కి బోస్టన్ స్కౌట్ లాప్‌టాప్ మీద రియాక్షన్ టైమ్ పరీక్ష పెట్టాడు. ఐదో రౌండ్‌లో 172వ స్థానంలో ఎంచుకున్నారు. ఆ కుర్రాడు మూకీ బెట్స్. ఏళ్ల తరబడి అవుట్‌ఫీల్డ్‌లో ఆడి, 32 ఏళ్లప్పుడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకి పూర్తి స్థాయి షార్ట్‌స్టాప్ అయ్యాడు. మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్, 2025, ఏడో ఆట, టొరాంటో, పదకొండో ఇన్నింగ్స్. అలెహాండ్రో కిర్క్ బ్యాట్ విరిగింది, బంతి షార్ట్‌స్టాప్ వైపు దొర్లింది. బెట్స్ అందుకుని, పరుగు ఆపకుండానే సెకండ్ బేస్ తొక్కి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్, సిరీస్ అయిపోయింది. ఆ త్రో ఎన్ని మైళ్లని ఆ రాత్రి ఎవరూ అడిగి ఉండరు.

మేజర్ లీగ్ మైదానాల్లో ఇప్పుడు కెమెరాలు ఈ పని చేస్తున్నాయి. 2020 నుంచి ఇన్‌ఫీల్డర్లకు వచ్చిన కొత్త కొలతలో, ఎంత దూరం వెళ్లాలి, ఎంత సమయం ఉంది, బేస్ ఎంత దూరం, పరిగెత్తేవాడు ఎంత వేగం, అన్నీ కలిపి చూస్తారు. స్కూల్ మైదానంలో అన్ని కెమెరాలు పెట్టలేం. రెండు స్టాప్‌వాచ్‌లు చాలు. ఒక్కో పిల్లాడికి ఇరవై బంతులు వేయాలి. ఐదు నేరుగా, ఐదు బ్యాక్‌హ్యాండ్ వైపు, ఐదు నెమ్మదిగా దొర్లేవి, ఐదు డబుల్ ప్లేకి. ఇద్దరు మనుషులు టైమ్ తీసి సగటు వేయాలి, ఎందుకంటే బొటనవేలు నొక్కడంలో తేడాలొస్తాయి. ఫస్ట్ బేస్‌మన్ పాదం బేస్ వదిలితే ఆ బంతికి టైమ్ ఇవ్వకూడదు. ఇరవైలో ఎన్ని లెక్కకొచ్చాయి, మధ్యస్థంగా ఎంత పట్టింది, ఈ రెండూ పేరు పక్కన రాయాలి. గన్ అంకె కూడా రాయండి, దాని స్థానంలో. ఇలా చేస్తే ఇంకో మేలు కూడా ఉంది. ఎదిగే వయసు పిల్లలు అంకె కోసం మోచేతులు విరగ్గొట్టుకునేలా విసరడం తగ్గుతుంది. బ్యాటర్‌కి బంతి వేసే పిచర్ల గాయాల మీద 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ ఇచ్చిన నివేదిక వేగం వెంట పడటాన్నే ముఖ్య కారణాల్లో ఒకటిగా చెప్పింది. హైస్కూల్లో షార్ట్‌స్టాప్ ఆడే పిల్లలు చాలామంది పిచింగ్ కూడా చేస్తారు.

ఆదివారాలు నేనూ మా బావా మేనల్లుణ్ని పార్కుకి తీసుకెళ్తున్నాం. నేను బంతులు కొడతాను, బావ ఫస్ట్ బేస్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు. మొదటి వారం ఇరవైలో పదకొండే లెక్కకొచ్చాయి. వాడికి కోపమొచ్చింది, గ్లవ్ విసిరేశాడు. ఆరో వారానికి ఆ మూడడుగుల పరుగు ఒక్క అడుగైంది, పదహారు లెక్కకొచ్చాయి.

ఆ బక్కపలచని అబ్బాయి పేజీ మొన్న మళ్లీ తెరిచి చూశాను. 76 అలాగే ఉంది. దాని కింద ఇంకో గడి లేదు.