యాట్ ట్రిప్పా? ముందు మీ రూటు మ్యాపులో సగం కొట్టేయండి

జులై దగ్గరపడితే చాలు, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్లాను తిరుగుతూ ఉంటుంది. మూడు కుటుంబాలు, ఒక కాటమరాన్ (జోడు పడవలా రెండు అడుగులు ఉన్న యాట్). క్రొయేషియాలో స్ప్లిట్ దగ్గర ఎక్కి బ్రాచ్, హ్వార్, విస్, కోర్చుల, మ్ల్యెట్ దీవులన్నీ చుట్టేసి డుబ్రోవ్నిక్‌లో దిగడం. వారం రోజుల్లో! 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, చేరి యూరోకి మారాక ఈ జోరు ఇంకా పెరిగింది. షెంగెన్ వీసానో షెంగెన్ దేశపు రెసిడెన్స్ కార్డో ఉంటే ఇక వేరే వీసా గొడవ లేదు కదా.

ఆ ప్లాను చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అది బస్సు టూర్ ప్లాను. యాట్ ట్రిప్‌ది కాదు. పిల్లలకి జీవితాంతం గుర్తుండిపోవాలని వేలకి వేల యూరోలు పోస్తారు. తీరా వాళ్లకి గుర్తుండేది డీజిల్ వాసన, వాంతులు, రేవులో అమ్మానాన్నా అరుచుకోవడం.

లెక్క చూడండి. అక్కడ చార్టర్లు, అంటే యాట్ అద్దెలు, చాలావరకు శనివారం నుంచి శనివారం. పడవ చేతికొచ్చేసరికి శనివారం సాయంత్రం ఐదవుతుంది. సామాన్లు సర్దుకుని, బ్రీఫింగ్ విని, సూపర్‌మార్కెట్‌కి వెళ్లొచ్చేసరికి చీకటి పడుతుంది. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పడవ మళ్లీ బేస్‌లో, అంటే కంపెనీ పడవ ఇచ్చిన రేవులో, ఉండాలి, శనివారం పొద్దున తొమ్మిదికి మీరు దిగిపోవాలి. అంటే మిగిలింది ఐదున్నర రోజులు. కుటుంబం ఉన్న పడవ నడిచేది గంటకి 5, 6 నాటికల్ మైళ్లు, అంటే సుమారు పది కిలోమీటర్లు. స్ప్లిట్ నుంచి హ్వార్ ఊరు 23 నాటికల్ మైళ్లు, నాలుగు గంటలు పైనే. డుబ్రోవ్నిక్ వంద మైళ్ల పైమాటే. పైగా అక్కడ వదిలేస్తే పడవని వెనక్కి తెచ్చుకోవడానికి కంపెనీ విడిగా డబ్బు తీసుకుంటుంది. ఇవేవీ చూడకుండా గూగుల్ మ్యాప్స్‌లో వేళ్లతో కొలిచేసి "పక్కపక్కనే ఉన్నాయి బావా" అనేస్తారు.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న పడవకి నా కొలత రోజుకి రెండు గంటలు, మహా అయితే రెండున్నర. పన్నెండు, పదిహేను మైళ్లు. వారంలో ఒక్కచోటైనా రెండు రాత్రులు కదలకుండా ఉండాలి. స్ప్లిట్ నుంచి మొదటి మజిలీ బ్రాచ్‌లో మిల్నా. తర్వాత హ్వార్ ఎదురుగా ఉన్న పక్లెని దీవులు. ఆపైన విస్, అక్కడ రెండు రాత్రులు. తిరుగు ప్రయాణంలో షోల్తా దీవి, ఆ ఒక్క రోజు మాత్రం నాలుగు గంటలు పడుతుంది. ఇంతే. కోర్చుల, మ్ల్యెట్ ఎక్కడికీ పోవు, ఇంకో ఏడాది డుబ్రోవ్నిక్ వైపు నుంచి మొదలుపెట్టి చూడొచ్చు.

ఈ కొలత గాలిని బట్టి పెట్టుకున్నదే. ఎండాకాలంలో అక్కడ వాయవ్యం నుంచి మాయెస్ట్రాల్ అనే గాలి వీస్తుంది. పొద్దున సముద్రం నిలకడగా ఉంటుంది, పది పదకొండుకి గాలి మొదలై రెండు నాలుగు మధ్య బాగా బలపడి, పొద్దుగూకేసరికి పడిపోతుంది. తెరచాప ఎత్తి పిల్లలకి అసలు సరదా చూపించడానికి పదకొండు నుంచి ఒంటిగంట వరకు మంచి సమయం. మూడు దాటాక రేవులోకి వెళ్తే అదే గాలి పడవని పక్కకి నెడుతుంది. జులై, ఆగస్టుల్లో అప్పటికి చోటు కూడా మిగలదు. అందుకే ఒంటిగంటకి, రెండింటికి లంగరో, పడవ కట్టుకునే తేలే బోయ్‌నో చూసుకుని ఆగిపోవాలి. లాంగ్ రూటు పెట్టుకున్నవాళ్లకి ఇది కుదరదు. ఐదింటికి చేరి, చోటు లేక పక్క అఖాతానికి పరుగెత్తి, చీకట్లో లంగరు వేస్తారు.

మరో రెండు గాలుల పేర్లు తెలిసుండాలి. బూరా ఈశాన్యం నుంచి కొండల మీదుగా కిందికి దూకుతుంది. ఆకాశం నీలంగా ఉండగానే ఒక్కసారి కొట్టొచ్చు. యూగో ఆగ్నేయం నుంచి రెండు మూడు రోజుల్లో మెల్లగా బలపడి పెద్ద అలలు లేపుతుంది. విస్ ఊరి రేవు నోరు ఈశాన్యానికి తెరిచి ఉంటుంది, బూరా వస్తే అక్కడ రాత్రి నిద్ర ఉండదు. అదే దీవిలో కొమిజా రేవు పడమటికి తెరిచి ఉంటుంది, దానికి పడమటి గాలులతో బెడద. పడవ నడిపే స్కిప్పర్ "ఈ రాత్రి ఇక్కడొద్దు" అంటే "మేము బుక్ చేసుకున్నాం కదా" అని వాదించకండి.

స్కిప్పర్ సంగతి. క్రొయేషియా గుర్తించే లైసెన్సు, దానితో పాటు వీహెచ్ఎఫ్ రేడియో (సముద్రం మీద పడవలు మాట్లాడుకునే రేడియో) సర్టిఫికెట్ లేకుండా పడవ మీ చేతికివ్వరు. లేనివాళ్లు స్కిప్పర్‌ని పెట్టుకోవాలి. రోజుకి సుమారు 200 యూరోలు, భోజనం మీది, పడుకోవడానికి చోటు మీది. "8 ప్లస్ 2" అని రాసుంటే పదిమంది హాయిగా పడుకుంటారని కాదు. నాలుగు క్యాబిన్లలో ఎనిమిదిమంది, హాల్లో బల్ల దించి పరిస్తే ఇద్దరు. స్కిప్పర్‌కి ఆ బల్ల చూపించి వారం పొడుగునా అతను చురుగ్గా ఉండాలంటే ఎలా? అతను వంటవాడు కాదు, పిల్లల్ని చూసే ఆయా అసలే కాదు. ఆ పనులకి హోస్టెస్ కావాలి, అది వేరే జీతం.

ఇక అందరూ సిగ్గుపడి అడగని విషయం, బాత్రూమ్. సెలవుల్ని నాశనం చేసే మొదటి ముద్దాయి తుఫాను కాదు, ఇదే. గొట్టం సన్నం, మధ్యలో ఒక రబ్బరు వాల్వు. టిష్యూ, వైప్, డైపర్ ముక్క, ఏది పోయినా అక్కడే ఇరుక్కుంటుంది. కాగితం మూత ఉన్న చెత్తబుట్టలోకే పోవాలి. మనకి ఇక్కడ ఒక లాభం ఉంది. సింక్ పక్కన బయటికి లాగే షవర్ గొట్టం ఉంటుంది, అదే హెల్త్ ఫాసెట్‌గా పనికొస్తుంది. కాకపోతే నేల మీద పడ్డ నీళ్లు వాటంతట అవే పోవు, షవర్ పంపు బటన్ నొక్కి తోడాలి. ఆ పంపు జల్లెడలో జుట్టు పేరుకుంటే నీళ్లు నిలిచి క్యాబిన్ అంతా వాసన.

చేతి పంపు ఉన్న టాయిలెట్ అయితే లివర్‌ని నీళ్ల వైపు తిప్పి ముందు నాలుగైదు సార్లు కొట్టాలి, పని అయ్యాక పది పదిహేను సార్లు, తర్వాత లివర్ రెండోవైపు తిప్పి బేసిన్ ఖాళీ అయ్యేదాకా. పిల్లలు రెండుసార్లు కొట్టి వచ్చేస్తారు, సరుకు గొట్టంలోనే ఆగిపోతుంది. దీని తర్వాత హోల్డింగ్ ట్యాంకు, అంటే టాయిలెట్ మురుగు నిలవుండే ట్యాంకు. రేవులో, ఈత కొట్టే చోట దాని వాల్వు మూసే ఉండాలి. ఒక్కో ఫ్లష్‌కి మూడు లీటర్లు వేసుకున్నా 50 లీటర్ల ట్యాంకు పదహారు సార్లకి నిండిపోతుంది. నిండాక కూడా బలంగా కొడితే గాలి గొట్టంలోంచి డెక్ మీదికి తన్నుకొస్తుంది, లేదా లోపల పైపు ఊడుతుంది. ఎక్కడ, ఎప్పుడు ఖాళీ చెయ్యాలో రోజూ స్కిప్పర్‌ని అడగండి. బాగుచేసే ఖర్చు కంపెనీకి మీరు ముందు కట్టిన డిపాజిట్‌లోంచే పోతుంది.

మంచినీళ్ల ట్యాంకు మోడల్‌ని బట్టి 300 నుంచి 800 లీటర్ల దాకా ఉంటుంది. ఎనిమిదిమంది మనిషికి పాతిక లీటర్లు వాడినా రోజుకి 200. ఇంట్లో స్నానం చేసినట్టు చేస్తే 300 లీటర్లు ఒక్కరోజుకి రావు. ఈతయ్యాక వెనక మెట్ల మీద ఉన్న షవర్‌తో అర నిమిషం ఉప్పు కడుక్కోవడమే పడవ స్నానం. నీళ్లు పట్టుకునే అవకాశం ఉన్న ప్రతి మెరీనాలో ట్యాంకు నింపేయాలి, సగం ఉందిలే అనుకోవద్దు.

వంట దగ్గర మనవాళ్లు చేసే పొరపాట్లు వేరే రకం. రైస్ కుక్కర్, మిక్సీ మోసుకొస్తారు. రేవులో కరెంటు తీగ తగిలించినప్పుడు అవి పనిచేస్తాయి. లంగరు మీద ఉన్నప్పుడు ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. 700 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ మీద పెడితే బ్యాటరీలోంచి 60 ఆంపియర్లు లాగుతుంది. రాత్రికి ఫ్రిజ్ ఆగిపోయి, పొద్దునకి పాలు విరిగిపోతాయి. లిథియం బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లు ఉన్న కొత్త కాటమరాన్లలో పర్వాలేదు, బుక్ చేసేముందే అడగండి. నా ఓటు మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌కే. మూత బిగిసి ఉంటుంది కాబట్టి ఒలకదు, గ్యాసు తక్కువ తింటుంది. పొయ్యి మీద గిన్నెని పట్టి ఉంచే బిగింపులు ఉంటాయి, అవి బిగించే వండాలి. వండటమంతా లంగరు మీదే, పడవ కదులుతుండగా సాంబారు మరిగించకూడదు. నూనె మూకుడు అసలే వద్దు, బజ్జీలు ఇంటికెళ్లాక. ప్రయాణంలో తినడానికి పులిహోర, పెరుగన్నం కంటే గొప్ప పదార్థం లేదు. వంటయ్యాక గ్యాసు సిలిండర్ దగ్గరే కట్టెయ్యాలి. చేతికి అందిన స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు.

లండన్ నుంచో ఇండియా నుంచో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. యూరోపియన్ యూనియన్ బయటినుంచి మాంసం, పాల పదార్థాలు సామాన్లలో తేకూడదు. నెయ్యి కూడా పాల పదార్థమే. ఆవకాయకి అభ్యంతరం లేదు గానీ ఆ నూనె, పసుపు టేకు చెక్క మీద, తెల్లటి కుషన్ల మీద పడితే వదలదు. వెనకాల కూర్చుని ఆవకాయన్నం కలుపుకునేవాళ్లు కింద పాత తువ్వాలు పరుచుకోండి.

పిల్లల లైఫ్ జాకెట్లు వాళ్ల బరువు చెప్పి నెల ముందే అడగాలి, అక్కడికెళ్లి "చిన్న సైజు" అంటే దొరకదు. కాళ్ల మధ్య పట్టీ బిగించకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ తలమీదికి జారిపోతుంది. రెయిలింగ్‌కి వల కట్టించమని అడగొచ్చు, కానీ వల ఉందని చూపు తిప్పుకోకండి. ఇంజిన్ ఆపి, మెట్లు దించాకే ఎవరైనా నీళ్లలోకి. రాళ్ల మీద సీ అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లుండే సముద్రపు జీవులు, ఉంటాయి కాబట్టి ఈత బూట్లు తప్పనిసరి. కడుపులో తిప్పే వాళ్లు డాక్టర్ని అడిగి మాత్ర బయల్దేరకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. క్యాబిన్‌లో ఫోన్ చూడకుండా బయట కూర్చుని దూరంగా తీరాన్ని చూడమనండి. అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే కాటమరానే తీసుకోండి, మామూలు యాట్‌లో లోపలికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. రేవుకి వేసే పలక అడుగు వెడల్పే. అది దాటించడానికి ముందొకరు, వెనకొకరు ఉండాలి. సామాను మెత్తటి బ్యాగుల్లోనే, పెద్ద సూట్‌కేసులు పెట్టే చోటే ఉండదు.

పడవని రేవుకి కట్టేటప్పుడే ఇంట్లో గొడవలు బయటపడతాయి. అక్కడ పడవ వెనకభాగం గట్టుకి పెట్టి కడతారు. రెండు వెనక తాళ్లు, రాపిడి తగలకుండా పక్కల వేలాడే దిండ్లు ముందే సిద్ధంగా ఉండాలి. గాలి వచ్చే వైపు తాడు మొదట అందించాలి. తర్వాత గట్టు నుంచి నీళ్లలో ఉన్న తాడుని కొక్కెంతో లేపి, చేతులకి గ్లవ్స్ వేసుకుని, ముందుభాగానికి నడిచి కట్టాలి. ఆ తాడు నీళ్లలో వదులుగా ఉన్నంతసేపూ అటువైపు ఇంజిన్ న్యూట్రల్‌లో ఉండాలి, లేకపోతే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. మూడు తాళ్ల పని ఇద్దరు పెద్దవాళ్లది, మిగతావాళ్లు కూర్చోవాలి. పడవ గట్టుకి తగిలేలా ఉంటే కాలు అడ్డుపెట్టకండి. పన్నెండు టన్నుల్ని కాలు ఆపదు, కాలే విరుగుతుంది. ఎవరూ సలహాలివ్వకండి, ముఖ్యంగా మామయ్యలు.

లంగరైతే ఐదు మీటర్ల లోతుకి పాతిక మీటర్ల గొలుసు వదిలి, మెల్లగా వెనక్కి లాగి పట్టిందో లేదో చూడాలి. అడుగున నల్లగా కనిపించేది సముద్రపు గడ్డి, అక్కడ లంగరు పట్టదు, పైగా ఆ గడ్డిని పాడుచెయ్యకూడదు. తెల్లటి ఇసుక మీద వెయ్యండి.

విస్ పక్కనున్న బిషెవో దీవిలో నీలి గుహ గురించి అందరూ అడుగుతారు. పదకొండుకి, పన్నెండుకి వెలుగు బాగుంటుందని అన్ని స్పీడ్‌బోట్లూ అప్పుడే వస్తాయి. యాట్ లోపలికి పోదు. టికెట్ కొని చిన్న పడవలో కొన్ని నిమిషాలు చూసి రావాలి. అలలు లేస్తే మూసేస్తారు. దానికోసం పిల్లల్ని తెల్లారి ఆరింటికి లేపొద్దంటాను.

బదులుగా పిల్లల చేతికి పని ఇవ్వండి. లోతు చూపించే మీటరు దగ్గర ఒకరిని నిలబెట్టి "ఎనిమిది, ఏడు, ఆరున్నర" అని పైకి చదవమనండి. ఇంకొకరికి లాగ్‌బుక్ ఇచ్చి బయల్దేరిన టైము, గాలి దిక్కు, ఇంజిన్ గంటలు రాయించండి. మైదానంలా తెరిచి ఉన్న చోట పదేళ్లవాడికి చుక్కాని ఇచ్చి స్కిప్పర్ పక్కన నిలబడితే చాలు. ఆగి ఉన్న పడవ వెనక మెట్ల మీదనుంచి నలభై సార్లు దూకడం వాళ్లకి గుర్తుంటుంది. హ్వార్ కోటమెట్లు గుర్తుండవు.

చివరగా శుక్రవారం. డీజిల్ ట్యాంకు నింపి రసీదు చూపించాలి కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక బంకు ముందు పడవలు బారులు తీరి ఉంటాయి. ఆ క్యూలో గాలికి పడవలు ఒకదానికొకటి రాసుకుని డిపాజిట్లు పోతాయి. ఆ రోజు ఆఖరి ఈత షోల్తాలోనే పొద్దున్నే ముగించుకుని, పన్నెండున్నరకల్లా బంకు దగ్గర ఉండండి. ఎక్కిన రోజు పడవ మీద అప్పటికే ఉన్న గీతలకి తీసిన వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. కంపెనీ డైవర్ పడవ అడుగు చూసి వెళ్లేదాకా దాన్ని డిలీట్ చెయ్యకండి.