వెతక్కుండానే ‘దొరకలేదు’ అంటే ఎలా?

మా పత్రిక లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో కోర్టు ప్రకటనలు వస్తుంటాయి. మీపై దావా పడింది, ఫలానా తేదీన స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, తీర్పు చెబుతారు అన్నది వాటి సారాంశం. అచ్చువేసేది మేమే కాబట్టి ఈ మాట మేమే చెప్పాలి. ఎవరి కోసం ఆ ప్రకటన వేశారో వాళ్లలో చాలామంది దాన్ని చూడరు. గల్ఫ్‌లో పని చేసుకునే జగిత్యాల కుర్రాడు ఆ పేజీ తిరగేస్తాడా? పెళ్లయి ఇరవై ఏళ్లుగా సూరత్‌లో ఉంటున్న ఆడపడుచుపై ఆస్తి పంపకాల దావా వేసి, అడ్రసు దగ్గర పుట్టింటి డోర్ నంబరే రాస్తే ఆమెకు ఎలా తెలుస్తుంది?

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు 20వ రూలు ప్రకారం పత్రికా ప్రకటన ఆఖరి మార్గం. ప్రతివాది తప్పించుకు తిరుగుతున్నాడని గానీ, మామూలు పద్ధతిలో సమన్లు అందించడం కుదరదని గానీ కోర్టుకు నమ్మకం కలగాలి. ఆచరణలో ఏం జరుగుతోంది? సమన్లు అందించే కోర్టు ఉద్యోగి అమీనా వెళ్తాడు, తాళం వేసి ఉందనో ఇల్లు ఖాళీ చేశారనో రాసిస్తాడు. పోస్టు కవరు తిరిగొస్తుంది. వెంటనే పేపర్ పబ్లికేషన్ కోసం పిటిషన్ పడుతుంది. ప్రతివాది కోసం ఎక్కడెక్కడ వెతికారని అడిగేవాళ్లు తక్కువ.

ఈ పద్ధతి మీద చట్టానికే పూర్తి నమ్మకం లేదు. ఎక్స్‌పార్టీ డిక్రీని, అంటే అలా వచ్చిన తీర్పు ఆదేశాన్ని, రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. సమన్లు సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ గడువు లెక్కిస్తారు. ఈ లెక్కకు 20వ రూలు కింద ఇచ్చిన ప్రకటనను సక్రమంగా అందిన సమన్లుగా భావించరాదని లిమిటేషన్ చట్టం 123వ అధికరణం వివరణలోనే ఉంది. అంటే ఏళ్ల తర్వాత కేసు మళ్లీ మొదటికి రావచ్చు. నష్టం వాదికి కూడా.

ప్రతివాది కోసం సరిగా వెతికారా అన్న ప్రశ్న అమెరికాలో 2005లోనే వచ్చింది. ఇండియానా అప్పీళ్ల కోర్టు న్యాయమూర్తులు ఒక ప్రతివాది పేరు తామే గూగుల్‌లో కొట్టి చూశారు. కేసు కాగితాల్లో లేని అడ్రసు వెంటనే కనబడింది. అదే ఏడాది ఫ్లోరిడాలో ఫోన్ డైరెక్టరీ విచారణతో సరిపెట్టుకున్నవారికి, అది గుర్రబ్బండి కాలం పద్ధతి అని అప్పీళ్ల కోర్టు చెప్పింది.

మన దగ్గర సాధనాలకు కొదవ లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో వెతికితే అదే మనిషి మరో జిల్లాలో నడుపుతున్న కేసు బయటపడవచ్చు. కంపెనీ డైరెక్టర్ల వివరాలు, ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్ ఉన్నాయి. డిక్రీ చేతికొచ్చాక జప్తు కోసం ప్రతివాది ఆస్తిని సర్వే నంబరుతో సహా పట్టుకోగలిగినవాళ్లకు, దావా వేసేటప్పుడు మనిషి మాత్రం దొరకలేదంటే నమ్మడం కష్టం.

అయితే తెరమీద పేరు కనబడగానే మనిషి దొరికినట్టు కాదు. ‘కె. వెంకటేశ్వర్లు’ అని కొడితే ఎంతమంది వస్తారో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తాం. తండ్రి పేరు, వయసు, సొంతూరు సరిపోల్చాలి. ఆ తర్వాత అమీనా గుమ్మం దాకా వెళ్లాల్సిందే.

మరో భయం కూడా ఉంది. భర్త కొట్టే దెబ్బలు భరించలేక ఊరు వదిలి, ఎవరికీ చెప్పకుండా బతుకుతున్న స్త్రీ అడ్రసును సమన్ల పేరుతో వెతికి అతని చేతిలో పెట్టకూడదు. అలాంటి కేసుల్లో వెతికే పని కోర్టే చేయించాలి, దొరికిన అడ్రసు సీల్డ్ కవరులో కోర్టు దగ్గరే ఉండాలి. ఇంటర్నెట్ తెలియని పేద కక్షిదారు తరఫున ఈ వెతుకులాట జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాలంటీర్లు చేసిపెట్టవచ్చు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ కింద రూల్స్ మార్చుకునే అధికారం హైకోర్టులకు ఉంది. పేపర్ పబ్లికేషన్ కోరే ప్రతి పిటిషన్‌తోపాటు, ఎక్కడెక్కడ, ఏ తేదీన, ఏ పేర్లతో వెతికారో చెప్పే అఫిడవిట్ తప్పనిసరి చేయాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులను కోరుతున్నాం. దానివల్ల మాకు వచ్చే ప్రకటనలు తగ్గితే తగ్గనివ్వండి.